76 ఏళ్ల నాన్నకి రాత్రిపూట అన్నం మానిపించాలా?

భీమవరం_అక్క:
నాన్నకి షుగరొచ్చి 22 ఏళ్లు. ఈమధ్య హెచ్‌బీఏ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 7.8 వచ్చింది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు రిపోర్టు చూసి రాత్రి అన్నం ఆపేసి కొర్రలు పెట్టమన్నాడు, పెడుతున్నా. మూడు వారాలుగా రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటున్నారు. మొన్న రాత్రి రెండింటికి బనీను తడిసి ముద్దై, చేతులు వణుకుతూ లేచారు, మిషన్‌లో చూస్తే 58. పంచదార నీళ్లు తాగించాక తేరుకున్నారు. మళ్ళీ అన్నం పెట్టేయనా?

సిరిధాన్యం_సూరి:
అన్నం జోలికి మాత్రం పోకండి. కొర్రలు ఎన్ని గంటలు నానబెట్టారు? 6-8 గంటలు నానితే బాగా అరుగుతాయి. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంతా ఊరికే జరపలేదు.

గోదారోడు:
ఆ ప్రపంచాన్నే వచ్చి ఆయనకి వండిపెట్టమనండి 😀

మందులషాపు_మావయ్య:
అమ్మా, రాత్రి మాత్ర ఏంటి? గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ దించే మాత్రైతే మనిషి సగం తిన్నా దాని పని అది చేసుకుపోతుంది. 70 దిగితేనే లో షుగరంటారు, 58 అంటే మాటలు కాదు. అర్ధరాత్రి కళ్ళు తిరిగి బాత్రూం దగ్గర పడితే తుంటి విరుగుతుంది, ఆ వయసులో అదీ నా భయం. 7.8 కుర్రాడికి ఎక్కువే గానీ పెద్దవాళ్ళకి వేరే జబ్బులు కూడా ఉంటే 8 లోపు చాలంటారు డాక్టర్లు. ముందు మీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ 58 సంగతి చెప్పు, మాత్ర నీ అంతట నువ్వు ఆపకు.

సిరిధాన్యం_సూరి:
మాత్రల గోల కాదండీ, నానబెట్టారా లేదా?

భీమవరం_అక్క:
పొద్దున్నే నానబోసి సాయంత్రం వండుతున్నానండీ బాబూ. మాత్ర గ్లిమెపిరైడే.

బెజవాడ_కోడలు:
కొర్రల్లో మాత్రం పిండి లేదా ఏంటి? మా అత్తగారు షుగర్‌కి మంచిదని పూటకో చెంబు రాగిజావ తాగి 280కి తెచ్చుకున్నారు. ముద్ద తగ్గించి, పప్పో గుడ్డో పెంచండి, కండ కరిగిపోతే లేచి నడవలేరు.

సిరిధాన్యం_సూరి:
నోటికి రుచి లేదని వదిలేస్తే రేపు ఏడ్చేది మీరే. పిల్లలు గట్టిగా ఉండాలి.

భీమవరం_అక్క:
గట్టిగానా? వీడియో కాల్‌లో కంచం చూపించమంటాడు మా తమ్ముడు, నాన్నేమో టీచర్ ముందు పిల్లాడిలా కంచం ఎత్తి చూపిస్తారు. నలభై ఏళ్లు ఇంటిని నడిపిన మనిషి. రాత్రి రెండింటికి బనీను మార్చింది నేను. మీరూ మా తమ్ముడూ ఒకటే, చెప్పేవాళ్ళకేం.

గోదారోడు:
సూరిగారూ, ఇంక వదిలెయ్యండి.

సిరిధాన్యం_సూరి:
మా అమ్మ అడిగిందల్లా పెట్టానమ్మా. పాకుండలు, పరమాన్నం, అన్నీ. కాలిపుండు ముదిరి పాదం తీసేశారు. ఆ మంచం పక్కన రెండేళ్లు కూర్చున్నా. అందుకే అరుస్తా.

మందులషాపు_మావయ్య:
చెప్పులు లేకుండా తిరగనివ్వకు తల్లీ, రోజూ అరికాళ్ళు చూడు.

భీమవరం_అక్క:
సూరిగారూ, తెలీక అనేశాను. ఇవాళ డాక్టర్ దగ్గరకెళ్ళాం. మాత్ర డోసు తగ్గించారు, చిన్న గిన్నెడు పెరుగన్నం, పప్పుకూర పెట్టమన్నారు. రాత్రి గిన్నె ఖాళీ చేసి, "మాగాయ టెంక ఒక్కటి" అన్నారు, బీపీ అని ఇవ్వలేదు. తమ్ముడికి ఇంకా చెప్పలేదు.