స్టువార్టుపురం వారికి ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం తప్పా?

గుంటూరు ఇంటి యజమాని: గత వారం మా మేడమీది పోర్షన్ చూడటానికి వచ్చిన ఒక యువకుడి సొంత ఊరు, దొంగల ఊరని పేరుపడ్డ బాపట్ల దగ్గరి స్టువార్టుపురమని తెలిశాక, ఇల్లు ఇవ్వలేనని చెప్పాను. అతణ్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా నేను చేసింది అన్యాయమని మా అబ్బాయి వాదిస్తున్నాడు. అద్దెకు వచ్చేవారి ఊరు ఏ యజమాని అడగడు?

చరిత్ర విద్యార్థి: ఊరు అడగడం తప్పు కాదు, ఊరి పేరు వినగానే తలుపు వేయడం తప్పు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రాంతానికీ విస్తరించారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ, ఈ చట్టం కిందికి వచ్చినవారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంటుగా స్టువార్టుపురాన్ని నెలకొల్పి, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువార్ట్ పేరు పెట్టింది. అక్కడ ఉంచిన ఎరుకల కుటుంబాలను, నేరం రుజువైనా కాకపోయినా పుట్టుకను బట్టే అనుమానించి, హాజరు వేయించుకుని, పాసు లేనిదే పొలిమేర దాటనివ్వలేదు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. మీ గుమ్మంలో మాత్రం ఇంకా అమలవుతోంది.

గుంటూరు ఇంటి యజమాని: తెల్లవారి చట్టానికి నన్ను బాధ్యుణ్ని చేయకండి. నేను అడిగింది ఊరి పేరు మాత్రమే.

చీరాల పాఠకురాలు: ఆధార్ కార్డులో ఊరు ఎలాగూ ఉంటుంది కదా.

బాపట్ల టీచరు: అయ్యా, నాది ఆ ఊరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు ఇళ్లు ఇలాగే చేజారితే, నాలుగో చోట మాది బాపట్ల అని చెప్పి చేరాను. అక్కడ ఉన్న ఆరేళ్లూ, మాటల్లో ఊరి పేరు బయటపడుతుందేమోనని మా అమ్మను కూడా రావద్దన్నాను.

గుంటూరు ఇంటి యజమాని: అబద్ధం చెప్పి చేరారని మీరే ఒప్పుకున్నారు.

చరిత్ర విద్యార్థి: కన్నతల్లిని రావద్దన్నానని ఆవిడ రాస్తే, మీకు కనబడింది అబద్ధమొక్కటేనా?

గుంటూరు ఇంటి యజమాని: అయితే నా బాధ కూడా వినండి. 2009లో దొంగలు పడి, మా అమ్మాయి పెళ్లికని చేయించిన పదిహేను కాసుల బంగారం పోయింది. చూడటానికి వచ్చిన పోలీసు అధికారి ఇది స్టువార్టుపురం వాళ్ల పనే అన్నారు. అప్పు చేసి పెళ్లి జరిపించాను, తీర్చడానికి ఏడేళ్లు పట్టింది. మళ్లీ పోతే మీరెవరైనా ఇస్తారా?

బాపట్ల టీచరు: దొంగ దొరికాడా?

గుంటూరు ఇంటి యజమాని: దొరకలేదు.

బాపట్ల టీచరు: దొరకని దొంగకు మా ఊరు ఎలా అంటగట్టారు? మీ నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీ భయానికి మూల్యం ఎవరు చెల్లించాలన్నదే మన మధ్య అసలు తగాదా. అతడు ఏం పని చేస్తాడో, ఇంతకుముందు ఉన్న ఇంటివారు అతని గురించి ఏమంటారో కనుక్కోకుండానే, ఆ మూల్యం అతడే చెల్లించాలని మీరు తేల్చేశారు.

గుంటూరు ఇంటి యజమాని: ఒక్కొక్కరి గుణం ఆరా తీసే ఓపిక ఈ వయసులో నాకు లేదు కాబట్టే ఊరు చూశాను. పాత ఇంటివారిని అడగాలని తోచలేదన్నది నిజం. అతని నంబరు నా దగ్గర ఉంది, పిలవాలో వద్దో ఇంకా నిర్ణయించుకోలేదు. ఊరు అడగడం తప్పని మాత్రం ఒప్పుకోను.