‘గోల్డెన్ అవర్’కు కొత్త మాట కావాలా? ‘నీరెండ’ చాలదా?

పొద్దు పొడిచిన కాసేపటి వరకూ, మళ్లీ కుంకడానికి కాస్త ముందూ వెలుగు మెత్తగా ఉండే సమయాన్ని ఛాయాచిత్రకారులు ‘గోల్డెన్ అవర్’ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలని నిన్న ఇక్కడ ఒకరు అడగగా ‘స్వర్ణఘడియ’, ‘బంగారు వేళ’, ‘గోధూళి వేళ’ అనే సూచనలు వచ్చాయి. విశాఖ వీధుల్లో కెమెరా పట్టుకుని తిరిగే అలవాటున్నవాణ్ణి కనుక నా అభిప్రాయం చెబుతున్నాను: ‘నీరెండ’ మన భాషలో ఎప్పటినుంచో ఉన్న మాట, దాన్ని వాడుకుంటే చాలు.

‘స్వర్ణఘడియ’కు దక్కవలసిన మెప్పు ముందుగా దక్కాలి. ఆకాశంలో సూర్యుడి నడక గంటకు సుమారు 15 డిగ్రీలు. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల ఇక్కడ పొద్దు మరీ ఏటవాలుగా ప్రాకదు, దాదాపు నిటారుగా లేచి అలాగే దిగుతుంది. అందుచేత దిగంతం నుంచి 6 డిగ్రీల ఎత్తుకు, అంటే గోల్డెన్ అవర్ సుమారుగా ముగిసే చోటుకు, చేరడానికి అరగంట కూడా పట్టదు. ఘడియ అంటే 24 నిమిషాలు. సూచించినవారు ఈ లెక్క చూసే అన్నారో లేదో గానీ, మా ఊరికి ‘అవర్’ కన్నా ‘ఘడియ’ చక్కగా సరిపోతుంది.

నా అభ్యంతరమంతా స్వర్ణంతోనే. కిరణాలు ఎక్కువ గాలిపొరను దాటి రావలసినప్పుడు నీలిరంగు చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయన్నది నిజమే అయినా, సముద్రపు తేమ నిండిన మా ఆకాశంలో చాలా రోజులు ఆ వెలుగు బంగారంలా కాక వెలిసిన పాతబట్టలా ఉంటుంది. అటువంటి రోజున కూడా నీడలు పొడవుగా, మెత్తగా పడతాయి, ముఖాలు కళ్లు చిట్లించకుండా కనబడతాయి. మాకు కావలసింది అదే. ‘నీరెండ’ రంగును గానీ గంటను గానీ పట్టుకోకుండా ఎండ పలుచదనాన్నే చెబుతుంది.

‘లేత ఎండ’ ఎందుకు కాదని అడగవచ్చు. మన వాడుకలో ఎండ పొద్దున లేతగా ఉండి తరువాత ముదురుతుంది. సాయంత్రం అది వాలుతుంది, చల్లబడుతుంది, అంతే గానీ తిరిగి లేతదైందని ఎవరూ అనరు. నీరెండకు ఆ చిక్కు లేదు, రెండు పూటలకూ చెల్లుతుంది. రెండు పూటల మాట మా ఊళ్లో చిన్నది కాదు. ఉదయపు నీరెండ సముద్రం మీదుగా వచ్చి ఆర్‌.కె. బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామి మీదా, డాల్ఫిన్స్ నోస్ కొండ మీదా పడుతుంది. సాయంత్రం పొద్దు నగరం వెనుక కొండల చాటుకు పోతుంది కనుక ఇసుక మీద వెలుగు ముందే తగ్గిపోతుంది, అప్పుడు నీరెండ కోసం పాతనగరంలో తూర్పుపడమరలుగా సాగే సందులు వెతుక్కోవాలి.

‘గోధూళి’ సాయంత్రానికే పరిమితం, పైగా ముహూర్తాల వాసన వదలదు. మా రోడ్ల నడుమ తీరిగ్గా నెమరువేసే ఆవులకు ధూళి రేపే ఉద్దేశం ఉన్నట్టు కూడా కనబడదు.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: మీ వివరణ బాగుందండీ. అయితే కథల్లో చలికాలపు పగటి ఎండను కూడా నీరెండ అంటారు కదా. మీరు చెప్పే సమయాన్ని అది ఎలా సూచిస్తుంది?

నా జవాబు: నిజమేనండీ, మీరన్న ప్రయోగం ఉంది. చలికాలపు ఎండ పలుచన కనుకనే ఆ మాట దానికీ అతికింది. సమయమే చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఉదయపు నీరెండ వేళ’, ‘సాయంత్రపు నీరెండ వేళ’ అంటే సందిగ్ధం ఉండదు. నాకు తెగనిది ‘బ్లూ అవర్’ సంగతి, అంటే పొద్దు పొడవక ముందూ కుంకిన తరువాతా కాసేపు నీలి వెలుగు పరుచుకునే సమయం. సాయంత్రానికి ‘మునిమాపు’ బాగానే ఉంటుంది గానీ, పొద్దు పొడవక ముందరి నీలి వెలుగుకు ‘వేకువ’ అని వేరే మాట తెచ్చుకోవలసి వస్తోంది. రెంటికీ కలిసి వచ్చే పదం ఎవరి ప్రాంతంలోనైనా వాడుకలో ఉంటే చెప్పగలరు.