82 కిలోల బరువుకి స్కీ పొడవు 156 సెం.మీ. చాలా, 163 కావాలా?

మాది రాయగడ. ఈ చుట్టుపక్కల స్కీలు పట్టుకుని చూసే కొట్టే లేదు, అందుకే అడుగుతున్నా. ఎత్తు 168 సెం.మీ., బరువు 82 కిలోలు. రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి మలుపు తిప్పగలను, వేగం ఓ మోస్తరు. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీలు అద్దెకిచ్చేవాళ్లు ఎత్తు మాత్రమే చూసి గడ్డం దాకా వచ్చే 150 ఇచ్చారు. గట్టి మంచు మీద వేగం పెరగ్గానే ముందు కొసలు దడదడలాడాయి. 170కి మారితే చిన్న మలుపుల్లో వెనక కొసలు పట్టేశాయి. బూట్లు బిగుతుగానే ఉన్నాయి, బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) కూడా సరిచూపించాను. కొనాలనుకున్న మోడల్ నడుము (స్కీ మధ్యభాగం) వెడల్పు 78 మి.మీ., ముందు భాగంలో కాస్త రాకర్ (పైకి లేచిన వంపు) ఉంది, అంటే మంచుని పట్టే అంచు ఆ మేరకు తగ్గుతుంది. నాకు దగ్గర్లో ఉన్న సైజులు 156, 163 మాత్రమే. గుల్మార్గ్ పొడిమంచు సంగతి వదిలేయండి, తిరిగేది ఔలీ చదును చేసిన వాలు మీదే. బరువుని బట్టి 163కి వెళ్లాలా, ఎత్తుని బట్టి 156 దగ్గర ఆగాలా?