హావ్‌లాక్‌లో ఒక్కరోజు స్కూబా: ఈత రాదు, మర్నాడు పొద్దున్నే విమానం

కాకినాడ_కాజా:
ఫిబ్రవరిలో అండమాన్ వెళ్తున్నాం. మావారు, నేను, 12 ఏళ్ల బాబు. హావ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, మాకు చిక్కేది గురువారం ఒక్కరోజే. ఆ రోజు రెండు డైవ్‌లు అనుకున్నాం. రెండోది మధ్యాహ్నం 2 గంటలకు అయిపోతుందట. మూడున్నర ఫెర్రీకి పోర్ట్‌బ్లెయిర్, శుక్రవారం పొద్దున 7 గంటలకు చెన్నై ఫ్లైట్. ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. నాకు కళ్లజోడు, మైనస్ 3. మావారికి దట్టమైన మీసాలు, నవ్వకండి, వాటివల్ల మాస్క్‌లోకి నీళ్లొస్తాయని ఎవరో భయపెట్టారు. ఎక్కడెక్కడ తేడా కొడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

రెండో_ఊపిరి:
ముందు విమానం సంగతి తేల్చుకోండి మేడమ్. 2 గంటలకు నీళ్లలోంచి బయటికొస్తే, 7కి విమానం ఎక్కేసరికి 17 గంటలు. ఒకే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకే రోజు రెండు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్లు పాటించే లెక్క. మీకు గంట తక్కువ పడింది. లోతులో ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, పైకొచ్చాక మెల్లగా ఊపిరితో పోతుంది. అది పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి ఇంచుమించు 8000 అడుగుల కొండమీద ఉన్నంతకు పడిపోవచ్చు. గోలీ నొక్కగానే సోడా బుస్సుమన్నట్టు లోపల బుడగలు కడతాయి. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి అంతకన్నా పెద్ద ముప్పు. ఫెర్రీతో ఇబ్బంది లేదు, అది సముద్రమట్టంలోనే పోతుంది. రెండో డైవ్ మానేయండి, లేదా రెండూ మధ్యాహ్నం 12 లోపు ముగిసేలా మాట్లాడుకోండి. "లోతు తక్కువేగా, ఏం కాదు" అని ఎవరైనా అంటే వినకండి.

ఈత రాకపోయినా పర్లేదు. మీరు చేసేది సర్టిఫికెట్ లేనివాళ్లకు చేయించే డీఎస్‌డీ, అంటే డిస్కవర్ స్కూబా డైవింగ్. గరిష్ఠ లోతు 12 మీటర్లు, కనీస వయసు 10 ఏళ్లు, కాబట్టి బాబుకీ ఓకే. నీమో రీఫ్‌లో ఒడ్డునుంచే నడిచి దిగుతారు కాబట్టి పడవ కుదుపు, వాంతుల గొడవ లేదు. మనిషికొక ఇన్‌స్ట్రక్టర్, వెనకనుంచి మీ సిలిండర్ పట్టుకునే వ్యక్తి, ఉంటారో లేదో ముందే అడగండి. ఇద్దరికి ఒకరు అంటే ఈత రానివాళ్లు ఒప్పుకోకపోవడమే మంచిది. ఇంకోటి, టైము వాళ్లు చెప్పినట్టే వినండి. పోటు మీదున్నప్పుడే దింపుతారు. పాటు వేళ అయితే మోకాలి లోతు నీళ్లలో రాళ్ల మీద, 10 కిలోలు దాటిన సిలిండర్ వీపున వేసుకుని నడవాల్సొస్తుంది.

పగడాల_పిచ్చి:
పైన చెప్పిందంతా సరే గానీ, మొదటిసారి దిగేవాళ్ల డైవ్ చాలావరకు చెవుల దగ్గరే చెడుతుంది. 10 మీటర్ల లోతుకు ఒత్తిడి రెట్టింపవుతుంది, చెవి లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందులోనూ మొదటి నాలుగైదు మీటర్లలోనే మార్పు ఎక్కువ. అందుకని చెవి నొప్పెట్టాక ఊదడం కాదు, నొప్పి రాకముందే ఊదాలి. తల నీళ్లలో మునగకముందే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకోసారి. మాస్క్ మీదనుంచే ముక్కు రెండువైపులా నొక్కిపట్టి, నోరు మూసి ఊదినట్టు మెల్లగా. లోపల టిక్కుమంటే పని అయినట్టు. అవ్వకపోతే కిందికి పోవద్దు, ఒక మీటరు పైకి తీసుకెళ్లమని సైగ చేసి మళ్లీ ప్రయత్నించండి.

సైగ అంటే గుర్తొచ్చింది. బొటనవేలు పైకెత్తితే "బాగుంది" కాదు, "పైకి పోదాం" అని. మనవాళ్లు ఆనందంలో బొటనవేలు చూపిస్తారు, ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకెళ్లిపోతాడు! బాగుందనడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. తేడాగా ఉంటే అరచెయ్యి అటూఇటూ ఆడించి, తర్వాత చెవి చూపించాలి.

ఉప్పుగాలి:
జలుబుంటే దిగేముందు ముక్కులో స్ప్రే కొట్టుకుంటే సరి. చెవి తెరుచుకోకపోతే ఇంకాస్త గట్టిగా ఊదడమే. అందరూ అదే చేస్తారు.

పగడాల_పిచ్చి:
అన్నా, ఈ రెండు సలహాలూ ప్రమాదమే. గట్టిగా ఊదితే కర్ణభేరి చిరగొచ్చు, లోపలి చెవి దెబ్బతిని కళ్లు తిరగొచ్చు. స్ప్రే కొట్టుకుని దిగితే, అడుగున ఉండగానే దాని పని అయిపోయి ముక్కు మళ్లీ బిగుసుకుంటుంది. అప్పుడు పైకొచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి దారి ఉండదు. దిగేటప్పటి నొప్పికి పైకి పోవడమన్న మందుంది, పైకొచ్చేటప్పటి నొప్పికి అంత తేలికైన మందు లేదు. పడిశం ఉంటే డైవ్ లేదు, అంతే. మేడమ్, డబ్బు కట్టేముందే జలుబైతే రీఫండ్ ఇస్తారా అని అడిగి పెట్టుకోండి. ఫారంలో ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం గురించి అడుగుతారు. అన్నింటికీ "లేదు" అని టిక్కులు కొట్టేయకండి. ఏదైనా ఉంటే ఇక్కడే డాక్టరుకి చూపించి కాగితం పట్టుకెళ్లండి.

రెండో_ఊపిరి:
ఊపిరి గురించి ఒక్కమాట. నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. నిండు ఊపిరితో 10 మీటర్ల నుంచి పైకొస్తే ఆ గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు చిరగడానికి ఒకటి రెండు మీటర్లు చాలు. దగ్గొచ్చినా, వాంతొచ్చినా రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలి అందించే నోటి పరికరం, నోట్లోనే ఉంచి కానివ్వాలి, తర్వాత దాని మధ్యనున్న బటన్ నొక్కితే లోపలున్నది బయటికి పోతుంది. సిలిండర్ మామూలుగా 11 లీటర్లది, 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలితో మొదలవుతుంది. 50 బార్ మిగిలి ఉండగానే పైకి రావాలి. ఎగశ్వాస పెడితే తొందరగా ఖాళీ. అందుకే నిదానంగా లాగి, అంతకన్నా నిదానంగా వదలండి. గాలి బాగా పొడిగా ఉండి గొంతు ఎండిపోతుంది, ముందే నీళ్లు తాగండి. పొద్దున పూరీలు, వడలు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. ముందురాత్రి మందు అసలొద్దు.

జడ_గంటలు:
మాస్క్ సంగతి నేను చెప్తా. పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లాగి, చేతులు వదిలేసి కిందికి వంగండి. ఊడి పడకుండా అంటుకుని ఉంటే అది మీ సైజే. పడిపోతే ఇంకోటి అడగండి, పట్టీ బిగించి సరిపెట్టుకోవద్దు. ఎంత బిగిస్తే సిలికాన్ అంచు అంత మడతపడి నీళ్లు అంత ఎక్కువ కారతాయి. మీసం నిజమే, అంచు కింద సందు చేస్తుంది. ముక్కు కిందనున్న వరుసను కాస్త కత్తిరించుకుంటే చాలు, లేదా పైపెదవి మీద సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. వాసెలిన్ రాస్తుంటారు గానీ అది సిలికాన్‌ను నెమ్మదిగా పాడుచేస్తుంది, అద్దె మాస్క్‌కి రాయకండి. ఆడవాళ్లకి మీసం బదులు ముంగురులు! ఒక్క వెంట్రుక అంచు కింద పడ్డా ధార కడుతుంది. బిగుతుగా ఒకటే జడ, కిందికి అల్లుకోండి. ఆ రోజు తలకు నూనె పెట్టకండి, పట్టీ జారిపోతుంది.

అయినా కొన్ని నీళ్లొస్తాయి. మాస్క్ పై అంచును నుదుటికి నొక్కిపట్టి, కొంచెం పైకి చూస్తూ, ముక్కుతో గట్టిగా వదిలితే నీళ్లు కింది అంచునుంచి పోతాయి. దిగకముందు నడుంలోతు నీళ్లలో నాలుగుసార్లు చేయించమనండి. బకెట్లో కూడా ప్రాక్టీసు చేయొచ్చు, ముక్కులో నీళ్లున్నా నోటితో ఊపిరి తీసుకోవడం అలవాటవ్వాలి.

పగడాల_పిచ్చి:
దిగాక ఏం చూస్తారో కూడా చెప్పాలిగా. ముందు వినిపించేది చిటపట, పోపులో ఆవాలు వేసినట్టు. అది చిన్న రొయ్యలు గోళ్లు టపటపలాడించే చప్పుడు. ఎటునుంచో తెలీదు, నీళ్లలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లు వేగంగా వస్తుంది కాబట్టి చెవి దిక్కు పట్టలేదు. మధ్యలో కరకర వినిపిస్తే చిలకచేప పగడపు రాయి కొరుకుతున్నట్టు. కాసేపు దాని వెనకాలే చూడండి, తిన్న రాయి సన్నని తెల్ల ఇసుకై పొగలా రాలుతుంది. ఎరుపు ముందే మాయమవుతుంది, ఎర్ర బట్ట పదిమీటర్లలో గోధుమరంగులో కనిపిస్తుంది. టార్చి వేస్తే మళ్లీ ఎరుపు.

ఫోటోల్లోలా అంతటా రంగుల తోట ఉంటుందనుకోకండి. 2010 వేసవిలో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబడ్డాయి, తక్కువ లోతులో విరిగిన కొమ్మల గుట్టలు కనిపిస్తాయి. బతికున్నవాటి మీద చెయ్యి, ఫిన్ (కాలికి తొడిగే రెక్క) పెట్టొద్దు. గుండ్రాయిలా ఉండే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. రాయి అనుకుని పట్టుకున్నది రాయిచేప కూడా కావొచ్చు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి, వెంటనే ఆస్పత్రికి. ఒడ్డున దొరికిన పగడం ముక్క, అది చచ్చిందైనా, బ్యాగులో వేసుకోకండి. వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, ఎయిర్‌పోర్టు స్కానింగులో పట్టుకుంటారు.

కాకినాడ_కాజా:
అందరికీ థాంక్స్. రెండో డైవ్ తీసేశాం, పొద్దున ఒక్కటే. కళ్లజోడుకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

జడ_గంటలు:
పవర్ అద్దాల మాస్క్‌లు చాలా సెంటర్లలో ఉంటాయి, అర పాయింటు తేడాతో వరుసగా. నీళ్లలో వస్తువులు మూడోవంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి మైనస్ 2.5 ఇచ్చినా పని జరిగిపోతుంది. బుక్ చేసేటప్పుడే ఫోన్లో నంబర్ చెప్పి పక్కన పెట్టించండి, రెండు కళ్లకీ వేరేవేరైతే రెండూ చెప్పండి. మెత్తటి కాంటాక్ట్ లెన్స్ అయినా ఫర్వాలేదు, మాస్క్‌లోంచి నీళ్లు తోసేటప్పుడు కళ్లు మూసుకోవాలి, డైవ్ అయ్యాక ఆ లెన్స్ పారేయాలి. గట్టివి మాత్రం వద్దు. ఫెర్రీ ఎక్కేలోపు పెట్టుకోవడానికి కళ్లజోడు వెంట ఉంచుకోండి.