"జనవరి కాలెండ్స్‌కు ముందు ఎనిమిదో రోజు" అంటే ఏ రోజు?

ప్రశ్న: క్రిస్మస్ తేదీకి పాత ఆధారం ఒక లాటిన్ వాక్యమట. "జనవరి కాలెండ్స్‌కు ముందు ఎనిమిదో రోజున యూదయలోని బేత్లెహేములో క్రీస్తు పుట్టాడు" అని దాని అర్థం. జనవరి 1 నుంచి ఎనిమిది రోజులు వెనక్కి వెళ్తే 24 కదా?

జవాబు: రోమన్లు మొదటి రోజునూ కలుపుకుని లెక్కపెట్టేవాళ్లు. జనవరి 1 ఒకటి, డిసెంబర్ 31 రెండు, 30 మూడు... అలా వస్తే ఎనిమిదోది 25. కాలెండ్స్ అంటే నెల మొదటి రోజు. క్యాలెండర్ అనే మాట అక్కడిదే.

ఈ వాక్యం రోమ్‌లో 354లో కూర్చిన ఒక సంకలనంలో ఉంది. అయితే అది అంతకన్నా పాతది. అందులోనే రోమ్ బిషప్పులను పాతిపెట్టిన రోజుల పట్టిక ఉంది. అది క్యాలెండర్ వరసలో నడుస్తుంది. 335 డిసెంబర్ 31న పోయిన సిల్వెస్టర్ తన చోటులోనే ఉన్నాడు. 336 అక్టోబర్‌లో పోయిన మార్కస్ పేరు మాత్రం వరస తప్పి చివర చేరింది. అంటే అసలు పట్టిక అప్పటికే రాసేశారన్నమాట. దాని పక్కనే ఉన్న అమరవీరుల పట్టిక క్రీస్తు పుట్టుక గురించిన మన వాక్యంతోనే మొదలవుతుంది. అందుకే 336 నాటికి రోమ్‌లో ఈ పండగ ఉందంటారు. ఇంత చిన్న ఆనవాలు పట్టుకుని ఏడాది తేల్చడం నాకు అద్భుతంగా అనిపిస్తుంది.

మరో సభ్యురాలు: అది సూర్యుడి పండగ కదండీ, చర్చి లాక్కుందని వాట్సాప్‌లో తిరుగుతోంది.

జవాబు: అదే సంకలనంలోని ప్రభుత్వ క్యాలెండర్‌లో డిసెంబర్ 25 దగ్గర "అజేయుడి పుట్టినరోజు, 30 రథ పందేలు" అని ఉంది నిజమే. ఆ అజేయుడు సూర్యుడేనని ఎక్కువమంది పండితుల మాట. అరేలియన్ చక్రవర్తి 274లో అజేయ సూర్యుడికి గుడి కట్టించాడు కూడా. కానీ ఆ 25వ తేదీకి ఇదే తొలి సాక్ష్యం, ఇదీ 354దే. రెండూ ఒకే పుస్తకంలో కనిపిస్తుంటే ఒకటి రెండోదాన్ని కాజేసిందని తీర్పు చెప్పేయడం తొందరపాటే.

ఈ తేదీ ఎలా వచ్చిందో చెప్పడానికి ఇంకో దారి ఉంది, నాకు అదే బలంగా కనిపిస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత క్రీస్తు మరణాన్ని ఏప్రిల్ కాలెండ్స్‌కు ముందు ఎనిమిదో రోజున పెట్టాడు. అంటే మార్చి 25. గర్భంలో పడిందీ ఆ రోజే అనుకుంటే, తొమ్మిది నెలలకు వచ్చేది జనవరి కాలెండ్స్‌కు ముందు ఎనిమిదో రోజు. రెండు చోట్లా అదే "ఎనిమిదో రోజు", చూశారా!

తూర్పు చర్చిల్లో మొదట జనవరి 6 ఉండేది. 386లో సిరియాలోని అంతియొకయ నగరంలో జాన్ క్రిసోస్తొం అనే పాదిరి, డిసెంబర్ 25 మనకు తెలిసి పదేళ్లు కూడా కాలేదని ప్రసంగంలో చెప్పాడు. ఆర్మేనియా చర్చి ఇప్పటికీ జనవరి 6నే జరుపుకుంటుంది.