మన్రో ఇంటిపేరు స్కాట్లాండ్‌లో ఎంతమందికి ఉంటుంది? మన చరిత్రలోని మన్రోలు ఒకే ఇంటివాళ్లా?

సీమపాఠకుడు:
దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో మనకు తెలిసినవాడే. 1764లో బక్సర్ యుద్ధం గెలిచిన సేనాని హెక్టర్ మన్రో. కేరళలో కొల్లం దగ్గరి మన్రో తురుత్తు అనే దీవికి ఆ పేరు తిరువాంకూరు సంస్థానంలో కుంపిణీ ప్రతినిధి (రెసిడెంటు) జాన్ మన్రో వల్ల వచ్చింది. ముగ్గురూ కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, కొలువులో ఉన్నవాళ్లే. వీళ్లు దాయాదులా? అసలు ఆ దేశంలో ఇది ఊరూరా వినిపించే ఇంటిపేరా, అరుదైనదా? పాత రికార్డుల్లో వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తాళపత్రం:
అరుదు కాదు, అలాగని స్మిత్, బ్రౌన్, విల్సన్‌ల వరుసలోదీ కాదు. దేశం మొత్తానికి ఒకే అంకె చూస్తే ఈ పేరు సంగతి అర్థం కాదు, ఎందుకంటే ఇది ఒక చోట గుంపుగా ఉన్న పేరు. ఉత్తరాన రాస్ ప్రాంతంలో, క్రోమర్టీ సముద్రపాయ ఒడ్డున ఫౌలిస్ కోట ఉంది. మన్రో తెగ నాయకుల ఇల్లు అదే. దాని చుట్టుపక్కల ఎవాంటన్, ఆల్నెస్ వైపు పాత రిజిస్టర్లు తిప్పితే పుటపుటా మన్రోలే. దక్షిణాన సరిహద్దు జిల్లాలకు వెళ్లేసరికి బాగా పలచబడతారు.

గేలిక్ భాషలో వీళ్లను రోహాఖ్ అంటారు. ఐర్లండులోని రో నది దగ్గరి నుంచి వచ్చామని వాళ్ల సంప్రదాయం చెబుతుంది.

ఒక జాగ్రత్త. నెట్‌లో మన్రోలు ఎంతమంది అని వెతికితే 282 అని వస్తుంది. అది స్కాట్లాండ్‌లో 3000 అడుగులు దాటిన కొండల లెక్క. 1891లో సర్ హ్యూ మన్రో వాటి పట్టిక అచ్చువేయించడంతో ఆ కొండలకే మన్రోలు అని పేరు పడింది. వెతికేటప్పుడు ఇంటిపేరు అన్న మాట తప్పకుండా చేర్చండి.

కోటగుమ్మం:
దాయాదులా అన్న ప్రశ్నకు ఇంటిపేరు జవాబు చెప్పదు, ఊరు చెబుతుంది. మనకు ఇంటిపేరుతో పాటు గోత్రం కూడా ఉంటుంది కాబట్టి, పేరు కలిస్తే రక్తం కలిసినట్టే అనుకునే అలవాటు. అక్కడ తెగ నాయకుడి భూమి దున్నుకునే కౌలుదార్లు, అతని అండ కోరి చేరినవాళ్లు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. అందుకే ఒకే ఊళ్లో ఏ చుట్టరికమూ లేని మన్రోలు ఉంటారు. పేర్లు కలగాపులగం కాకుండా ఎస్టేటు పేరు తగిలించి పిలిచేవారు.

హెక్టర్ నోవార్ మన్రో. జాన్ టీనినిచ్ మన్రో. ఈ రెండు ఎస్టేట్లూ రాస్ ప్రాంతంలో ఆల్నెస్‌కు చేరువలోనివే. థామస్ మాత్రం 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో దెబ్బతిన్న వర్తకుడు. కాబట్టి థామస్‌ను మొదట గ్లాస్గో రిజిస్టర్లలో వెతకాలి, ఫౌలిస్ వంశవృక్షంలో కాదు.

ఆల్నెస్ పైన ఫైరిష్ కొండ మీద హెక్టర్ కట్టించిన రాతి తోరణం ఇప్పటికీ ఉంది. 1781లో తాను పట్టుకున్న నాగపట్నం కోట గుమ్మాన్ని తలపించేలా కట్టించాడు. కూలి లేక అల్లాడుతున్న చుట్టుపక్కల జనానికి పని కల్పించడానికే ఆ కట్టడం.

పాతదస్త్రం:
వెతికే పద్ధతి చెబుతాను. స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ సైటు ఉంది. సూచిక వెతకడం ఉచితం, అసలు పుట బొమ్మ తెరవడానికి క్రెడిట్లు కొనాలి. అందుకే వెతుకులాట సన్నబడ్డాకే బొమ్మ తెరవండి.

మొదటి చిక్కు స్పెల్లింగు. ఒకే మనిషి పేరును గుమస్తాలు ఒకచోట ఎం తర్వాత యు పెట్టి, మరోచోట ఓ పెట్టి రాశారు. చివర ఇ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. ఎం తర్వాత ప్రశ్నార్థకం, ఆపైన ఎన్ ఆర్ ఓ, చివర నక్షత్రం గుర్తు (M?nro*) కొట్టండి. నాలుగు రూపాలూ ఒకేసారి పడతాయి. అప్పుడు వేలల్లో వస్తాయి కాబట్టి జిల్లా ఎంచుకుని, పదేళ్ల వ్యవధికి కుదించండి.

1855 జనవరి నుంచి ప్రభుత్వ నమోదు తప్పనిసరి అయింది. ఆ తర్వాతి మరణ నమోదులో తల్లిదండ్రులిద్దరి పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా, రాసే గడి ఉంది. జన్మ నమోదు కంటే ముందు దాన్ని తెరవండి, ఒక్క పుటతో ఒక తరం వెనక్కి వెళ్లవచ్చు. ఆడవాళ్ల మరణాలను పుట్టింటి పేరుతో కూడా వెతకండి, అక్కడి రికార్డుల్లో ఆ పేరు పోదు.

1855కు ముందువి చర్చి రిజిస్టర్లు. వాటిలో ఉండేది ఎక్కువగా బాప్తిస్మం తేదీ. దాన్ని పుట్టినరోజుగా రాసుకుంటే లెక్క తప్పుతుంది. ఉత్తరాది పారిష్‌లలో (ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతాల్లో) చాలా ఏళ్లు ఖాళీలున్నాయి, పేరు దొరకనంత మాత్రాన మనిషి లేడని కాదు.

సీమపాఠకుడు:
చాలా ఉపయోగపడిందండీ. మరి మార్లిన్ మన్రో, ఆలిస్ మన్రో?

తాళపత్రం:
పేరు ఉన్నంత మాత్రాన ఆ వంశం కాదనడానికి ఆలిస్ సరైన ఉదాహరణ. 2013లో సాహిత్య నోబెల్ అందుకున్న ఈ రచయిత్రికి మన్రో మొదటి భర్త ఇంటిపేరు, పుట్టింటి పేరు లెయిడ్‌లా. అదీ స్కాట్లాండ్ పేరే, కానీ దక్షిణ సరిహద్దుది. మార్లిన్ తెరపేరుగా పెట్టుకున్నది తల్లి పుట్టింటి పేరు. అమెరికా అయిదో అధ్యక్షుడు జేమ్స్ మన్రో మాత్రం వర్జీనియాకు వలస వెళ్లిన స్కాటిష్ మన్రోల సంతతి.

కోటగుమ్మం:
ఇంకొకటి. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో థామస్ మన్రో చనిపోయాక సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మీ వైపు పాత దస్తావేజుల్లో ఆ పేరు కనబడితే అది మనిషి పేరు, ఇంటిపేరు కాదు. స్కాట్లాండ్ రికార్డులతో కలపకండి.