మా వీధిలో నాలుగు రాత్రుల సినిమా షూటింగ్, ఒప్పుకునే ముందు ఏం రాయించుకోవాలి? (విశాఖ, లాసన్స్ బే)

సందు_చివరి_ఇల్లు:

అందరికీ నమస్కారం. లాసన్స్ బే కాలనీ నుంచి బీచ్ రోడ్డుకి దిగే ఒక సందు గురించి అడుగుతున్నాను. వచ్చే వారం ఇక్కడ నాలుగు రాత్రులు సినిమా షూటింగ్ పెట్టుకుంటామని ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి అసోసియేషన్‌తో మాట్లాడారు. సాయంత్రం 6 నుంచి రాత్రి 2 దాకా అంటున్నారు. ఒక రాత్రి వాన సీను, ఒక రాత్రి పాట బిట్టు, మిగతా రెండు రాత్రులు మాటల సీన్లు. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద లైట్లు, గేటు లోపల జనరేటర్ వ్యాను పెట్టుకోనివ్వమంటున్నారు. అద్దె ఎంతో నోటిమాటగానే చెప్పారు, కాగితం ఇంకా ఏమీ లేదు.

వీధిలో తలో మాట. పిల్లలకి హీరోని దగ్గరగా చూడాలని ఉబలాటం. కింద టిఫిన్ సెంటర్ వాళ్లకి బేరం అవుతుందన్న సంతోషం. రెండో అంతస్తులో డయాలసిస్‌కి వెళ్లొచ్చే పెద్దాయన ఉన్నారు, అర్ధరాత్రి అంబులెన్సు రావాల్సి వస్తే ఎలాగని ఆ ఇంటివాళ్ల బెంగ. మార్చి నెల కదా, పదో తరగతి పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లు రెండున్నాయి. అసలు వద్దని చెప్పేద్దామని కొందరంటున్నారు. అనుమతి ఎవరు ఇవ్వాలి, మనం దేనికి ఒప్పుకోవచ్చు, దేనికి ఒప్పుకోకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి.

పర్మిషన్_ఫైలు:

ముందు ఒక విషయం విడదీసి చూడండి. రోడ్డు మీద షూటింగ్‌కి అనుమతి ఇచ్చేది మీ అసోసియేషన్ కాదు. మీ గేటు లోపలికి, టెర్రస్ మీదికి రానివ్వాలా వద్దా అన్నదే మీ చేతిలో ఉంది. రోడ్డు సంగతి జీవీఎంసీ (నగరపాలక సంస్థ), పోలీసు కమిషనరేట్ చూసుకుంటాయి. పార్కుల్లో అయితే నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. ఈ దరఖాస్తులు రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ ద్వారా కూడా వెళ్తాయి. కాబట్టి మేనేజర్‌ని మొదట అడగాల్సింది డబ్బు గురించి కాదు, అనుమతి కాగితాల నకళ్లు.

నకలు చేతికొచ్చాక నాలుగు చోట్ల చూడండి. తేదీలు, వేళలు. లొకేషన్ పేరు మీ వీధేనా, లేక ఊరికే "బీచ్ రోడ్డు పరిసరాలు" అని రాసి వదిలేశారా. ట్రాఫిక్ ఆపుతారా, పక్కకి మళ్లిస్తారా. స్పీకర్ గురించి విడిగా ఏమైనా రాశారా. షూటింగ్ అనుమతి ఉంటే మైకు అనుమతి కూడా ఉన్నట్టేనని యూనిట్ వాళ్లు తరచూ అనుకుంటారు, అది నిజం కాదు. వీధి దీపాలు ఆర్పాలన్నా జీవీఎంసీ వాళ్లే ఆర్పాలి. లైట్‌మెన్ స్తంభం ఎక్కి ఫ్యూజు పీకడానికి వీల్లేదు.

డ్రోన్ షాట్ ఉందేమో కూడా అడగండి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు మనది, నౌకాదళ విమానాశ్రయం కూడా ఇక్కడే ఉంది. డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో చూడాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా విడిగా అనుమతి అక్కర్లేదు, రెడ్ జోన్ అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. "చిన్న డ్రోనేనండీ" అన్న మాట ఇక్కడ చెల్లదు.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామని ఎవరైనా అంటే, జవాబుకి 30 రోజుల గడువుంటుంది కాబట్టి వచ్చే వారం షూటింగ్‌కి అది పనికిరాదు. స్టేషన్‌కి వెళ్లి అడగడమే దగ్గరి దారి.

లైట్_మేస్త్రి:

జనరేటర్ విషయంలో గట్టిగా ఉండండి. గొడవలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

షూటింగ్‌కి వచ్చేది సాధారణంగా 125 కేవీఏ స్థాయి సైలెంట్ జనరేటర్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధన ప్రకారం దాని పెట్టె మూసి ఉన్నప్పుడు ఒక మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదు. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 69, 4 దగ్గర 63, 8 దగ్గర 57, 16 దగ్గర 51, 32 దగ్గర 45. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్. అంటే మీ గేటు లోపల పెడితే ఏ లెక్కన చూసినా హద్దు దాటిపోతుంది. ఇరుకు సందులో గోడల మధ్య శబ్దం ఇటూ అటూ కొట్టుకుంటుంది కాబట్టి 32 మీటర్లు కూడా చాలదు. 50 మీటర్లు అవతల, బీచ్ రోడ్డు వైపు పెట్టమనండి. కేబుల్ పొడుగైతే వోల్టేజీ పడిపోతుందని అంటారు. లావు కేబుల్ వేస్తే ఆ దూరానికి పడేది పెద్దగా ఉండదు, యూనిట్ దగ్గర ఆ కేబుల్ ఉంటుంది కూడా. వేడెక్కుతోందని జనరేటర్ తలుపులు తెరిచి నడపడం ఇంకో అలవాటు. తలుపు తెరిస్తే అది సైలెంట్ జనరేటర్ కాదు. ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించండి.

ఇంకో కారణం కూడా ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో గేటు లోపల నడిచే దారి కిందే నీళ్ల సంపు ఉంటుంది. ఆ స్లాబు కార్ల బరువుకి వేసింది. టన్నుల బరువున్న జనరేటర్ వ్యాను ఎక్కితే సంపు మూత దగ్గర మొదట వెంట్రుకంత పగులు వస్తుంది, ఎవరూ చూడరు. వానాకాలంలో మురికినీరు లోపలికి దిగాక తెలుస్తుంది. క్యారవాన్‌నీ లోపలికి రానివ్వకండి.

ఇంటి కరెంటు ఇవ్వకండి. 1 కిలోవాటు లైటు 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లు లాగుతుంది, 15 ఆంపియర్ల ప్లగ్గు మీద మూడు పెడితే దాదాపు అంచుకి వచ్చినట్టే. 4 కిలోవాట్ల లైటైతే 17 ఆంపియర్లు దాటుతుంది. ఫోన్ చార్జర్లకి, మేకప్ అద్దానికి అని మొదలెట్టి ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ వేస్తారు. పైగా మీది గృహ కేటగిరీ కనెక్షన్, దాన్ని వ్యాపారానికి వాడితే రేపు విద్యుత్ శాఖ ముందు జవాబు చెప్పాల్సింది మీరే.

టెర్రస్ మీద భయపడాల్సింది లైటుకి కాదు, గుడ్డకి. కాంతి మెత్తబడటానికి 20 అడుగుల చదరపు ఫ్రేముకి తెల్లగుడ్డ కడతారు. అంటే 400 చదరపు అడుగుల తెరచాప. గంటకి 36 కిలోమీటర్ల గాలి వీచిందంటే దాని మీద 200 కిలోలకి పైగా తోపు పడుతుంది. సముద్రం ఎదురుగా ఉన్న ఐదో అంతస్తు మీద ఆ గాలి వింతేమీ కాదు. తాళ్లు పిట్టగోడకి, నీళ్ల ట్యాంకు పైపులకి కట్టనివ్వకండి. పైపు జాయింటు ఊడిపోతే తెల్లారేసరికి ఎవరింట్లోనూ నీళ్లుండవు. స్టాండు కాళ్ల కింద అడుగు చదరం ప్లైవుడ్ ముక్కలు వేయమనండి, లేకపోతే వాటర్‌ప్రూఫింగ్ పొర చిల్లులు పడుతుంది. గాలి పెరిగితే ఫ్రేము దించాలని, అలా దించమని చెప్పే హక్కు అసోసియేషన్‌కి ఉంటుందని రాయించండి.

వాన సీనుకి ఇంకా జాగ్రత్త కావాలి. పైపుల్లోంచి నిమిషానికి 400 లీటర్లు పోతే 5,000 లీటర్ల ట్యాంకరు పన్నెండు నిమిషాల్లో ఖాళీ. అంటే రాత్రంతా ట్యాంకర్ల రాకపోకలు, రివర్స్ హారన్లు. నీళ్లు బయటి నుంచే తెచ్చుకోవాలి, మీ బోరు మాత్రం ఇవ్వొద్దు. సముద్రం పక్కన బోరుని ఒక్కసారిగా ఎక్కువ తోడితే ఉప్పునీరు లోపలికి వచ్చే ప్రమాదముంది. సెల్లార్ ఉంటే ర్యాంపు మీద ఇసుక బస్తాలు అడ్డం వేయించండి. ముందు రోజే వీధి కాలువ పూడిక తీయించండి. తడి నేల మీద కేబుళ్లు పోతున్నప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్ స్విచ్చు, సరైన ఎర్తింగు లేకుండా ఆ రాత్రి పని మొదలుకానివ్వకండి. ప్రాణాలతో పని ఇది, ఇందులో మొహమాటం వద్దు.

అసోసియేషన్_లెక్కలు:

మేస్త్రి గారు చెప్పినవన్నీ అగ్రిమెంట్‌లోకి ఎక్కాలి. నోటిమాట ప్యాకప్‌తో పోతుంది. సంతకం పెట్టేది నిర్మాణ సంస్థ అయి ఉండాలి, మధ్యలో తిరిగే లొకేషన్ బ్రోకర్ కాదు. అద్దె మొత్తం, అడ్వాన్సు, విడిగా డిపాజిట్. షూటింగ్ మొదలయ్యే ముందే డిపాజిట్ ఖాతాలో పడాలి. చివరి రాత్రి రెండింటికి వెళ్లిపోయే హడావుడిలో ఎవరూ పగిలిన టైలు లెక్కపెట్టరు కాబట్టి, మర్నాడు పగటి వెలుతురులో ఇద్దరూ కలిసి చూసుకున్నాకే డిపాజిట్ తిరిగి ఇవ్వడం అని రాయండి. సామాను దించకముందే మెట్లు, లిఫ్టు లోపలి గోడలు, సంపు మూత, టెర్రస్ నేల, గేటు తేదీ కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. లిఫ్టులో లైట్లు, స్టాండ్లు ఎక్కించకూడదు, మెట్ల మీదుగానే తీసుకెళ్లాలి.

వేళ దాటితే గంటకి ఇంత అని ముందే రాస్తే రెండు గంటలకి ముగియాల్సింది నాలుగు దాకా సాగదు. ఆ అంకె అద్దెలో గంట వాటాకి కనీసం రెట్టింపు ఉండాలి, లేకపోతే ఆ డబ్బు కట్టేసి షూటింగ్ కొనసాగిస్తారు.

డబ్బు ఫ్లాట్ల వారీగా పంచుకోవద్దు, కార్పస్ ఫండ్‌లో (అసోసియేషన్ ఉమ్మడి నిధిలో) వేయండి. పంచితే ఆ డయాలసిస్ పెద్దాయన ఇంటికి ఓ నాలుగు వేలు ఇచ్చి, ఇంక నోరు మూసుకోండి అన్నట్టు అవుతుంది, అది తప్పు. ఒక లెక్క కూడా గుర్తుంచుకోండి. సభ్యుల చందాకి ఉండే పన్ను మినహాయింపు బయటివాళ్లిచ్చే అద్దెకి వర్తించదు. అద్దె పెద్ద మొత్తమైతే పది శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తారు. అసోసియేషన్ పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

భోజనాల సంగతి చిన్నదే కానీ వీధికి కంపు వచ్చేది అక్కడే. వందకి పైగా మందికి వడ్డన. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. విస్తరాకులు కానీ స్టీలు ప్లేట్లు కానీ వాడాలని, చెత్త వాళ్లే ఎత్తించాలని ఒక వాక్యం చేర్చండి. మీ టిఫిన్ సెంటర్ వాళ్లకి టీ, టిఫిన్ల ఆర్డరు ఇమ్మని అడగడంలో తప్పేమీ లేదు. అప్పు పెట్టకుండా రోజు డబ్బు రోజే తీసుకోమనండి.

సందు_చివరి_ఇల్లు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. సంపు మాట నిజమే, మా గేటు లోపల సరిగ్గా దారి కిందే ఉంది. రెండు సందేహాలు. పాట బిట్టుకి పది తర్వాత స్పీకర్ పెట్టకుండా ఎలా తీస్తారు? బాల్కనీలోంచి ఫోన్లో వీడియో తీస్తే బౌన్సర్లు ఆపొచ్చా?

పర్మిషన్_ఫైలు:

పాట వినిపించే స్పీకర్ సెట్టుని యూనిట్‌లో నాగరా అంటారు. ఆరుబయట రాత్రి 10 తర్వాత స్పీకర్ మోగించడం 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నిషేధం. పండగలకి, సాంస్కృతిక సందర్భాలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా 12 గంటల దాకా ప్రభుత్వం సడలించవచ్చు, సినిమా పాట ఆ కోవలోకి రాదు. మార్గం ఉంది. డ్యాన్సర్లు ఎక్కువ మంది ఉన్న షాట్లన్నీ 6 నుంచి 10 లోపు తీసేసుకోవాలి. ఆ తర్వాత హీరో, హీరోయిన్ దగ్గరి షాట్లకి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ సరిపోతుంది. మార్చిలో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది కాబట్టి మూడు గంటల పైన దొరుకుతుంది. షాట్ల వరుస మార్చుకోమని మీరు అడిగితే డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ వింటుంది, చివరి నిమిషంలో పోలీసులొచ్చి ఆపితే వాళ్లకే నష్టం కదా. మాట తప్పితే 112కి ఫోన్ చేయండి. స్పీకర్ మోగుతున్న వీడియో, టైము కనిపించేలా ఉంటే చాలు. ఫోన్ డెసిబెల్ యాప్ అంకెలు దారి చూపడానికే, రుజువుగా నిలబడవు.

మీ బాల్కనీలో మీరు నిలబడటాన్ని ఎవరూ ఆపలేరు. ఫోన్ లాక్కునే అధికారం, ఫోటోలు చెరిపించే అధికారం బౌన్సర్‌కి లేదు. మీ పిల్లల్ని కానీ, మీ ఇంటి లోపలి భాగాన్ని కానీ ఫ్రేములో చూపించాలంటే మాత్రం వాళ్లు మీ అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి. అయినా నా మాటగా చెప్తున్నాను, తీసినవి నెట్‌లో పెట్టకండి. ఏళ్ల తరబడి కష్టపడినవాళ్ల పని ముందే బయటపడుతుంది. రోజూ ప్యాకప్‌కి ముందు పిల్లలతో ఒక ఫోటో ఇప్పించమని మేనేజర్‌ని అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు.

అంబులెన్సు సంగతి: సందులో 12 అడుగుల దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. కెమెరా ట్రాలీ పట్టాలు వేసినా సరే, రెండు నిమిషాల్లో ఎత్తేసేలా ఒక మనిషిని దానికే కేటాయించాలి. అతని ఫోన్ నంబరు ఆ పెద్దాయన ఇంట్లో గోడ మీద ఉండాలి. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) పోయే దారి ఏది, బీచ్ రోడ్డు ఆపితే పెదవాల్తేరు వైపు నుంచి ఎలా పోవాలి అన్నది ముందు రోజే ఒకసారి నడిపి చూడమనండి.

తాబేళ్ల_కాపలా:

ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మార్చి అంటే మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కాలం. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు అటవీ శాఖ గుడ్లు సేకరించి పొదిగించే కేంద్రాలు పెడుతుంది. ఒక గూటిలో వంద దాకా గుడ్లుంటాయి, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. మామూలుగా అయితే అది సముద్రం వైపు మెరుపు. మీ టెర్రస్ మీద పెద్ద లైటు వెలిగితే రోడ్డు వైపు వచ్చేస్తాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తల్లి తాబేలు కూడా వెలుతురు చూసి వెనక్కి పోతుంది.

కాబట్టి టెర్రస్ లైట్లన్నీ ఊరివైపే తిప్పి ఉండాలి. సముద్రం వైపు నల్ల గుడ్డ అడ్డం కట్టాలి. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆర్పేయాలి, డీజిల్ కూడా మిగులుతుంది. వాహనాలు ఇసుక మీదికి అసలు దిగకూడదు, చక్రాల గాడుల్లో పడ్డ తాబేలు పిల్ల పైకెక్కలేదు. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవులు. షూటింగ్ తేదీలు అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఆ నాలుగు రాత్రులు గస్తీ వాళ్లు మీ వైపు కూడా ఒకసారి చూసి వెళ్తారు. రోడ్డు మీద తాబేలు పిల్ల కనిపిస్తే నీళ్లలోకి విసిరేయకండి. తడి ఇసుక మీద వదిలి, లైట్లు ఆర్పించి, దాని దారిన దాన్ని నడవనివ్వండి.

లైట్_మేస్త్రి:

తాబేళ్ల గారు చెప్పిన నల్ల గుడ్డ తేలికే, ప్రతి యూనిట్‌లోనూ ఉంటుంది. కానీ అది కూడా గాలికి తెరచాపే. ఫ్రేముకి కట్టకుండా లైటు పక్కనే చిన్న కట్టర్లు (వెలుతురుకి అడ్డం పెట్టే నల్ల తెరలు) పెట్టమనండి. 2 అడుగులు, 3 అడుగులవి చాలు. వాటి స్టాండు కాళ్ల మీద ఇసుక బస్తా వేయించండి.